గూబ కాపురం పెట్టిన బండ

హైదరాబాద్‌లో ఉంటూ నేను మౌంటెన్ గైడ్‌ని అంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. "ఇక్కడ కొండలెక్కడున్నయన్నా?" అని మొహం మీదే అడుగుతారు. ఎండాకాలంలో ట్రెక్కింగ్ బ్యాచ్‌లతో ఉత్తరాఖండ్ వైపు పోయే మాట నిజమే. కానీ ఇల్లు గడిచేది ఇక్కడి గుట్టల మీదే. దసరా దాటాక మొదలై ఉగాది వరకు శని, ఆదివారాలు రాక్ క్లైంబింగ్, రాపెల్లింగ్ (తాడు మీద బండ దిగడం), పొద్దుటి నడకలు, పిట్టల్ని చూపించడం, ఇదీ పని. మన ఊరి చుట్టూ ఉన్న గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. దాని ముందు హిమాలయాలు నిన్నగాక మొన్న పుట్టినవి. భువనగిరి కోట ఉన్న ఏకశిల 500 అడుగుల పైమాటే. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ బండ ఎక్కడం నేర్చుకున్నది అక్కడే. అప్పటికి పూర్ణకి పద్నాలుగేళ్ళు నిండలేదు. కాబట్టి కొండలెక్కడున్నాయని అడిగేవాళ్ళని ముందు భువనగిరి తీసుకెళ్తాను. కింద నిలబడి తల పైకెత్తి చూస్తే చాలు, మళ్ళీ అడగరు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా. దానికి అటూ ఇటూగా ఉండే రోజులు మాకు పండగా, తలనొప్పీ రెండూ. బండ పొడిగా ఉంటుంది, పొద్దున చల్లగా ఉంటుంది, బూటు అతుక్కున్నట్టు పట్టు దొరుకుతుంది. మోదుగ పూస్తుంది, బూరుగు పూస్తుంది, చెరువుల్లో వలస బాతులు ఇంకా వెళ్ళిపోయి ఉండవు. ఇక ఎండలు ముదిరితే కుదరదని అందరూ ఒక్కసారే ఫోన్ చేస్తారు. సరిగ్గా అప్పుడే గుట్ట మీద గూళ్ళు, గుడ్లు, తేనెపట్లు, అగ్గిపుల్ల తగిలితే అంటుకునే ఎండుగడ్డి. దారి చూపించడం గైడ్ పని అనుకుంటారు గానీ, ఈ కాలంలో నేను ఎక్కువసార్లు అనే మాట "ఇటు వద్దు". పోయిన సీజన్లో ఒక గుడ్లగూబ జంట పుణ్యమా అని ఆ మాట అందరితోనూ అన్నాను, డబ్బులిచ్చేవాళ్ళతో కూడా.

ఆ గుట్ట పేరు రాయను. శంకర్‌పల్లి వైపు అనుకోండి, ఇబ్రహీంపట్నం వైపు అనుకోండి, మీ ఇష్టం. గుడ్లగూబని పట్టినా అమ్మినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే. అయినా దీపావళి దగ్గర పడితే అమావాస్య పూజలని, గుప్తనిధులని వీటి కోసం తిరిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి మన రాతలే దారి చూపిస్తాయి.

సంక్రాంతి వెళ్ళాక బ్యాచ్‌ల కంటే ముందు నేను ఒకసారి పోయి బండంతా చూసుకుంటాను. వెంట ఆ ఊరి పిలగాడొకడు వస్తాడు, తాడు మోయడానికీ, కబుర్లకీ. చూడాల్సింది ముఖ్యంగా పెచ్చులు. మన గ్రానైటు పొరలు పొరలుగా ఊడుతుంది. పైకి గట్టిగా కనిపించే అంచు లోపల బండని వదిలేసి ఉంటుంది. వేలి కణుపులతో తట్టి వింటాం. గట్టి రాయి అయితే చెయ్యి నొప్పి పుడుతుంది తప్ప చప్పుడు రాదు. వదిలేసిన పెచ్చయితే పగిలిన కుండ మీద కొట్టినట్టు బోలుగా మోగుతుంది. దాని మీద సుద్దతో ఇంటూ గీస్తాం, ఎవరూ పట్టుకోకుండా.

తర్వాత యాంకర్లు, అంటే తాడుకి ఆధారాలు. మేం తిరిగే గుట్టల మీద బండలో దిగ్గొట్టిన బోల్టులుండవు. పైనున్న గుండ్లకి స్లింగులు, అంటే గట్టి పట్టీలు, చుట్టి తాడు దించుతాం. ఎంత పెద్ద గుండైనా ఒక్కదాన్నే నమ్మం, విడివిడిగా రెండు కావాలి. ఆ రెండు స్లింగులు కలిసేచోట కోణం అరవై డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. నూట ఇరవైకి తెరుచుకుందంటే బరువు చెరి సగం పడాల్సింది పోయి ఒక్కోదాని మీద మొత్తం బరువు పడుతుంది. కొత్తగా వచ్చే కుర్రాళ్ళకి ఇది కాగితం మీద ఎంత గీసి చూపించినా ఎక్కదు. స్లింగుని పిడికిట్లో పెట్టి, కోణం పెంచుకుంటూ పోయి లాగిస్తే అప్పుడు "అబ్బా" అంటారు.

ఆ గుట్టకి పడమటి ముఖం ఒకటి ఉంది. నిటారుగా ఉంటుంది, ఎత్తు బాగుంటుంది, పొద్దున నీడ. ఫొటోల్లో బ్రహ్మాండంగా వస్తుంది కాబట్టి అందరికీ అదే కావాలి. దాని నడుమ ఒక అరుగు, అరుగు మీద చిక్కగా పొద. ఈసారి అరుగు కింద బండ మీద తెల్లటి చారలు కనిపించాయి. సున్నం ఒలికిపోయినట్టు పైనుంచి కిందికి. పావురాల రెట్ట అయితే చుట్టూ పావురాలుండాలి, ఒక్కటీ లేదు. చారల కింద రాళ్ళ సందులో బూడిదరంగు ఉండలు దొరికాయి, బొటనవేలంత. ఒకటి విప్పాను. బయటంతా ఎలుక బొచ్చు, నొక్కుకుపోయి ఎండి ఉంది. లోపల చిన్న దవడ ఎముక, దానికి పసుపు నారింజ కలిసిన రంగులో ముందు పళ్ళు, ఒక పురుగు రెక్క తాలూకు నల్లటి ముక్క, సూదుల్లాంటి ఎముకలు. గూబ ఎలుకని మింగాక అరగని బొచ్చూ ఎముకలూ ఇట్లా ఉండ చేసి నోట్లోంచి కక్కేస్తుంది. పిలగాడు "ఛీ" అని వెనక్కి జరిగి, మళ్ళీ వంగి పుర్రె ఏదని అడిగాడు. రెండో ఉండలో దొరికింది. దాన్ని జేబులో వేసుకుంటానంటే వద్దన్నాను.

కింద పొలాల్లో వేరుశనగ. అంటే ఎలుకలు. గూబకి అంతకంటే ఏం కావాలి?

గొర్లు మేపే పెద్దాయన ఒకాయన రోజూ ఆ గుట్ట చుట్టే తిరుగుతాడు. ఆయన్ని అడిగాను.

"కాకా, గూబ ఉంటదా ఇక్కడ?"

"ఎందుకుండది? మా నాయిన గొర్లు గాసినప్పటి సంది ఉన్నది. ఏం జేస్తవ్ దాన్ని?"

"ఏం జెయ్య. దూరం నుంచి చూస్త."

"చూడు గని, మీ తాళ్ళు దాని నెత్తిమీదికెల్లి ఏలాడెయ్యకు. గుడ్లు పెట్టే టైమిది."

ఊళ్ళో గూబ కూస్తే కీడంటారు కదా అన్నాను, ఏమంటాడో చూద్దామని. "ఇంటి మీద గూసుంటె కీడు. గుట్ట మీద కూస్తె కీడెట్లయితది? అది దాని ఇల్లే గద" అన్నాడు, గొర్రెల్ని అదిలించుకుంటూ.

సాయంత్రం ఎదురుగా ఉన్న ఇంకో గుండు చాటున కూర్చున్నాం. బైనాక్యులర్ ఎనిమిది రెట్లది. పది రెట్లవి ఇంకా దగ్గరగా చూపిస్తాయి గానీ చేతిలో వణుకు కూడా పది రెట్లవుతుంది, అందుకే నేను వాడను. చాలాసేపు అరుగు మీద బండ, పొద తప్ప ఏమీ లేదు. పసులపోలిగాడు పిట్ట ఒకటి వచ్చి పొద మీదికి మాటిమాటికీ దూకుతూ కసిరింది. దాని చూపు పట్టుకుని చూస్తే అక్కడ బండ అనుకున్నదానికి తల మీద రెండు ఈకల కుచ్చులున్నాయి. ఒంటి నిండా గోధుమరంగు, నల్ల చారలు, రాతి మీద మచ్చలు ఎట్లా ఉంటాయో అట్లాగే. తర్వాత నారింజ రంగు కన్ను ఒకటి తెరుచుకుంది. బండల్లో ఉండే పెద్ద గూబ ఇది, రాక్ ఈగిల్ ఔల్ అంటారు. మామూలుగా మన వీధి చెట్ల తొర్రల్లో కనిపించే చిన్న పైడికంటితో దీనికి పోలికే లేదు. పొద్దు గుంకాక మగది గుట్ట నెత్తికెక్కి కూసింది. బరువైన గొంతు, రెండు ముక్కల్లో. పక్షులన్నీ అప్పటిదాకా చేస్తున్న గోల ఆపేశాయి.

తర్వాత వెళ్ళినప్పుడల్లా ఆడది అదే చోట, అదే వాలులో. కాకులు మీద పడి అరిచినా లేవలేదు. పొదిగే పక్షి మాత్రమే అట్లా భరిస్తుంది. ఈ జాతి గూడు కట్టదు. అరుగు మీద మట్టిని కాస్త గీరి అందులోనే గుడ్లు పెడుతుంది, నెల పైన పొదుగుతుంది. మనం తాడు దించితే అది లేచిపోతుంది. లేచిన కాసేపట్లో కాకులు దిగుతాయి. కాకులు రాకపోయినా, మధ్యాహ్నం ఎండకి ఆ బండ మీద గుడ్డు ఉడికిపోతుంది. అంత చిన్న విషయం. కానీ పైనుంచి "రోప్!" అని అరిచి తాడు విసిరేవాడికి ఇవేవీ కనిపించవు.

పడమటి ముఖం బంద్ అని నిర్ణయించుకున్నాను. బ్యాచ్‌లు పంపించే ఆర్గనైజర్‌కి ఫోన్ చేశాను. అతను అప్పటికే పడమటి ముఖం ఫొటోతో బుకింగులు తీసుకున్నాడు. "పక్షి కోసం ప్రోగ్రాం మారుస్తామా అన్నా? అది కూడా గుడ్లగూబ కోసం?" అన్నాడు. నెమలి అయితే మార్చేవాడేమో. కాసేపు వాదన నడిచింది, వివరాలెందుకు. చివరికి గుట్ట వెనక తూర్పు ముఖానికి మార్చాం. పొట్టి బండ, పొద్దు పొడవగానే ఎండ కొడుతుంది. కాబట్టి ఐదున్నరకల్లా అందరూ నడుముకి కట్టుకునే హార్నెస్‌లు వేసుకుని నిలబడాలి, తొమ్మిదిన్నరకల్లా తాళ్ళు ఎత్తెయ్యాలి. ఆ ఎత్తు లేదని కొందరు డబ్బులు వెనక్కి అడిగారు, కొంత నా వాటాలోంచే పోయింది. ఇంట్లో మాటలు పడ్డాను. అది వేరే కథ.

తూర్పు వైపున ఇంకో సంగతి చూసుకోవాల్సి వచ్చింది, తేనెపట్టు. ముందుకి చొచ్చుకొచ్చిన బండ కింద పెద్ద తేనెటీగల పట్టు ఒకటి వేలాడుతోంది, ఒకే ఒక్క పెద్ద తెర. దీని దగ్గరికి కందిరీగ లాంటిదేదైనా వస్తే ఈగలు వరసగా పొట్టలు పైకి లేపుతాయి. ఆ కదలిక తెర మీద ఒక చివరి నుంచి ఇంకో చివరికి అలలా పాకుతుంది. ఊరికే చూస్తుంటే అందంగా ఉంటుంది. అది మనకి చెప్పే మాట మాత్రం "ఇంక చాలు, వెళ్ళండి" అని. అల మీద అల వస్తుంటే ఏమీ మాట్లాడకుండా వెనక్కి నడవడమే. బ్యాచ్‌కి ముందురోజే మెసేజ్ పెడతాను, సెంటు, డియోడరెంట్ ఏమీ కొట్టుకోవద్దని. అయినా ఎవరో ఒకరు కారులోంచి దిగుతుంటేనే వాసన గుప్పుమంటుంది. ఆ మనిషికి ఆ రోజు క్లైంబింగ్ లేదు, బైనాక్యులర్ చేతికిచ్చి నడకకి పంపిస్తాను. ఈగ కుట్టినచోట వదిలే వాసన మిగతా ఈగల్ని పిలుస్తుంది. అరటిపండు వాసనలా ఉంటుందది. ఒక్కటి కుట్టిందంటే చేతులు ఊపుతూ అక్కడే నిలబడొద్దు. ముఖం కప్పుకుని పరుగెత్తాలి, ముల్లు సంగతి దూరం పోయాక చూసుకోవచ్చు. తాడు మీద వేలాడుతున్నవాడు పరుగెత్తలేడు కదా. అందుకే పట్టుకి దగ్గర్లో తాడే వెయ్యను.

క్లైంబింగ్ తొందరగా ముగిసేది కాబట్టి మిగిలిన పొద్దులో నడకలు పెట్టాను. నిజం చెప్పాలంటే జనానికి ఇవే ఎక్కువ నచ్చాయి. గుట్ట కింద మోదుగ చెట్టుకి ఆకు లేదు, కొమ్మ కొమ్మకీ పువ్వే. కాముని పున్నమికి రంగు కాచుకునే పువ్వు ఇదేనని చెబితే, ఐటీ ఉద్యోగం చేసే ఒకమ్మాయి వాళ్ళ నానమ్మ ఇవే పూలు నానబెట్టి రంగు చేసేదని తనే మిగతా వాళ్ళకి చెప్పుకొచ్చింది. ఒక తేనెపిట్ట పువ్వులోకి తల దూర్చి బయటికి తీసినప్పుడు దాని నుదుటి మీద పుప్పొడి పసుపు అంటుకుని ఉంది. అట్లాగే ఇంకో పువ్వులోకి దూర్చింది. చెట్టుకి కావాల్సిన పని ఆ నుదుటితోనే జరిగిపోతుందని నేను చెప్పేలోపే, తండ్రి భుజం మీద కూర్చున్న ఒక బుడ్డోడు "బొట్టు పెట్టుకుంది" అన్నాడు.

బూరుగు చెట్టు దగ్గర గులాబి గోరింకల గుంపు. నల్ల తల, గులాబి ఒళ్ళు, ఒకటే కొట్లాట. మధ్య ఆసియా నుంచి వచ్చి చలికాలమంతా ఇక్కడే ఉంటాయి, ఏప్రిల్‌కి తిరుగు ప్రయాణం. ఆ ముందు ఆదివారం అమీన్‌పూర్ చెరువుకి తీసుకెళ్ళాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు దాన్ని, దేశంలో ఒక నగర చెరువుకి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. చుట్టూ అపార్టుమెంట్లు ఎట్లా మీదికొచ్చేశాయో చూస్తే ఆ గుర్తింపు మీద నమ్మకం కొంచెం సడలుతుంది గానీ, బాతులు మాత్రం ఇంకా వస్తున్నాయి.

నడక దారిలో ఒకచోట తీతువు గుడ్లు పెట్టింది. గులకరాళ్ళలో నాలుగు గులకరాళ్ళు, అంతే. అది నెత్తిమీద తిరుగుతూ అరిచి గోల చెయ్యకపోతే నేను కూడా తొక్కుకుంటూ పోయేవాణ్ణి. అక్కడ జెండా కట్టలేదు, రాళ్ళు పేర్చలేదు. గుర్తు పెడితే కుక్కలూ మనుషులూ చూడ్డానికి వస్తారు. ఊరికే దారిని తుమ్మల అవతలికి జరిపాను. ఎందుకు చుట్టూ తిప్పుతున్నారని అడిగినవాళ్ళకి ముళ్ళున్నాయని చెప్పాను.

గూబ సంగతి ఎంత దాచినా కొంచెం పొక్కింది. పెద్ద లెన్సు వేసుకుని ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడే. డబ్బులిస్తానన్నాడు, స్పీకర్‌లో కూత పెడితే మగది వచ్చేస్తుందన్నాడు. చివరికి, "మీరు రాపెల్లింగ్ గైడే కదా అన్నా, పైనుంచి దించండి, ఒక్క ఫొటో, రెండే నిమిషాలు" అన్నాడు. ఆ ఆలోచన ఆయనకి ఎంత తెలివిగా అనిపించిందో మొహంలో తెలుస్తోంది. దూరంగా ఉండి చూసేట్టయితే చూడండి, చోటు మాత్రం నేను చూపించనన్నాను. గుట్ట చుట్టూ రెండు రౌండ్లు కొట్టాడు. చారల కిందే నిలబడి నీళ్ళు తాగి, పైకి చూడకుండానే వెళ్ళిపోయాడు. గొర్ల కాకా ఆ రోజు నవ్విన నవ్వు నేను ముందెప్పుడూ చూడలేదు.

మార్చిలో ఒక సాయంత్రం ఆడది లేచి అరుగు చివరికి నడిచింది. అది కూర్చున్నచోట తెల్లటి నూగుతో రెండు పిల్లలు. ఒకటి పెద్దది, ఇంకోటి దానికంటే బాగా చిన్నది. గుడ్డు పెట్టిన నాటి నుంచే పొదగడం మొదలుపెడుతుంది కాబట్టి గుడ్లు ముందు వెనకగా పిల్లలవుతాయి, ముందొచ్చింది ముందు తింటుంది. తిండి తక్కువైతే చిన్నది బతకదు. ఆ కింద వేరుశనగ పీకేశారు, ఎలుకలు అన్నీ బయటపడి తిరుగుతున్నాయి, అదొక అదృష్టం. తల్లి ఎలుకని కాళ్ళ కింద తొక్కిపెట్టి చీల్చి పెట్టింది. పెద్దది తిని తల అటూ ఇటూ ఊపుతూ నేరుగా మా గుండు వైపే చూసింది. మేం దాక్కున్నామని అనుకోవడమే గానీ అది మమ్మల్ని మొదటి నుంచీ చూస్తూనే ఉందేమో.

ఉగాది దగ్గర పడే కొద్దీ పొద్దున ఎనిమిదికే బండ కాలడం మొదలైంది. కుర్రాళ్ళ అరచేతులు చెమటకి జారుతున్నాయి. ఇంక ఆపేశాం. పిల్లలు అప్పటికి అరుగు మీద లేవు. ఎగరడం రాకముందే నడిచి పక్క సందులోకి దిగాయి. రెండూ కనిపించేదాకా టెన్షనే. ఒక సాయంత్రం కింది గుండు మీద రెండూ పక్కపక్కనే నిలబడ్డాయి, చిన్నది కూడా. దగ్గరికి ఒక కుక్క వచ్చింది. తల్లి ఎక్కడి నుంచో దిగి, రెక్కలు విప్పి ఒళ్ళు రెట్టింపు చేసుకుని, ముక్కు టకటకా కొట్టింది. కుక్క వెనక్కి తిరిగి చూడలేదు.

తాళ్ళు మంచినీళ్ళలో కడిగి నీడలో ఆరబెట్టాను. ఎండలో పెడితే నైలాన్ పాడవుతుంది. చేత్తో జానెడు జానెడు తడుముకుంటూ పోతే ఒకదాంట్లో మెత్తటి చోటు తగిలింది, లోపలి పోగులు నలిగిపోయాయన్నమాట. దాన్ని ముక్కలుగా కోసి కాకాకి ఇచ్చాను, గొర్రెపిల్లల్ని కట్టేసుకోవడానికి.

ఉత్తరకాశీ రైలుకి బట్టలు సర్దుకుంటుంటే ఆర్గనైజర్ ఫోన్. ఆ రైలు ఉత్తరకాశీ దాకా పోదు, హరిద్వార్‌లో దిగి బస్సెక్కాలి, అయినా ఇంట్లో అందరం అట్లాగే అంటాం. వచ్చే సీజన్‌కి పడమటి ముఖం డేట్లు ఇప్పుడే చెప్పేయమన్నాడు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా లేదన్నాను. ఈ జంట మళ్ళీ అదే అరుగుకి వస్తుందనే నా నమ్మకం. కాసేపు లెక్క వేసుకుని, "సరే, అయితే ఆగస్టులో పెట్టేద్దాం, వానలో ఫొటోలు ఇంకా బాగొస్తయి" అన్నాడు. వానకి పాకురు పట్టిన బండ మీద నేను ఎవర్నీ ఎక్కించనని జూలైలో చెబుతాను.